జిగొరో కానో

జిగొరో కానో (1860 డిసెంబరు 10 - 1938 మే 4) జపాను దేశానికి చెందిన విద్యావేత్త, జూడో విద్యకు ఆద్యుడు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో సభ్యత్వం పొందిన తొలి ఆసియావాసి. వృత్తిరీత్యా ఈయన ఉపాధ్యాయుడు. జీవితంలో ఎక్కువ భాగం పాఠశాలల్లోనూ, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలోనూ గడిపాడు. అయినా లోకం ఈయనను జూడో గురువుగానే గుర్తుంచుకుంది.

జపాను పాత పంచాంగం ప్రకారం ఈయన పుట్టినది పదవ నెల, 28వ రోజు. అందుచేత కొన్ని పుస్తకాలలో జన్మదినం అక్టోబరు 28 అని కనిపిస్తుంది. నేటి క్యాలెండరు లెక్కకు అది డిసెంబరు 10 అవుతుంది. జపానులో ఇంటిపేరు ముందు వస్తుంది కనుక అక్కడివారు కానో జిగొరో అని పిలుస్తారు.

బాల్యము, విద్యాభ్యాసము

కానో కోబె నగరానికి సమీపంలోని మికాగె అనే ఊరిలో జన్మించాడు. ఆ ప్రాంతం బియ్యంతో తయారుచేసే సాకె అనే మద్యానికి ప్రసిద్ధి. కానో వంశీయులు కూడా ఆ వ్యాపారంలో పేరున్నవారే. తండ్రి జిరోసాకు ఆ ఇంటికి ఇల్లరికపు అల్లుడుగా వచ్చాడు. ఆయన సాకె వ్యాపారం చేపట్టక ప్రభుత్వానికి నౌకా రవాణా వ్యవహారాలు చూసేవాడు. జిగొరో మూడవ కుమారుడు. చిన్నతనంలోనే తల్లి మరణించగా తండ్రి పిల్లలను టోక్యోకు తీసుకువెళ్ళి మంచి చదువు చెప్పించాడు.

యూరోపియను ఉపాధ్యాయులు నడిపే వసతి పాఠశాలలో చేరిన కానోకు ఇంగ్లీషు బాగా అబ్బింది. తరువాతి కాలంలో తన సాధన వివరాలను ఇంగ్లీషులోనే రాసుకునేవాడు. చదువులో ముందున్నా శరీరం మాత్రం బలహీనంగా ఉండేది. పెద్దవాడైన తరువాత కూడా ఎత్తు సుమారు ఐదడుగుల రెండంగుళాలే. వసతి గృహంలో బలమైన పిల్లలు ఈయనను ఏడిపించేవారు, కొట్టేవారు. తక్కువ బలం గలవాడు కూడా బలవంతుని ఓడించగల విద్య ఒకటి ఉన్నదనీ, దాని పేరు జుజుత్సు అనీ విని, ఎలాగైనా నేర్చుకోవాలని పట్టుపట్టాడు. తండ్రికి ఇష్టం లేదు. తెలిసిన పెద్దలను అడిగితే ఈ కాలంలో ఆ విద్య ఎందుకని త్రోసిపుచ్చారు.

వారు అలా అనడానికి కారణం ఉంది. 1868లో మెయిజీ చక్రవర్తి పాలన మొదలైన తరువాత సమురాయి వీరుల వ్యవస్థ రద్దయింది. 1876లో కత్తి ధరించి తిరగడాన్ని కూడా నిషేధించారు. దేశమంతా పాశ్చాత్య విద్యల వైపు తిరిగింది. జుజుత్సు వస్తాదులు శిష్యులు లేక, విరిగిన ఎముకలు సరిచేసే కట్టు వైద్యం మీద బ్రతుకుతూ వచ్చారు. కానో గురువు కోసం వెదికిన తీరు కూడా ఇందుకు తగినట్లే ఉంది. ఎముకల వైద్యులకు జుజుత్సు తెలిసి ఉంటుందని గ్రహించి, అటువంటి వైద్యుల బోర్డులు కనిపించిన చోటల్లా లోపలికి వెళ్ళి అడిగేవాడు. చివరకు యాగి తెయినొసుకె అనే వృద్ధ వైద్యుడు తన మిత్రుడైన ఫుకుదా హచినొసుకె పేరు చెప్పాడు. 1877లో, టోక్యో విశ్వవిద్యాలయంలో చేరిన సంవత్సరమే, కానో ఫుకుదా వద్ద శిష్యుడుగా చేరాడు.

గురువులు

ఫుకుదా తెన్‌జిన్ షిన్యో-ర్యూ అనే సంప్రదాయానికి చెందినవాడు. ర్యూ అనగా శాఖ లేదా ఘరానా అని చెప్పుకోవచ్చు. ఆయన బోధనా పద్ధతి గురించి కానో తరువాత తన జ్ఞాపకాలలో రాసిన ఒక సంఘటన జూడో అభ్యాసకులందరికీ తెలిసినదే. ఒకనాడు ఫుకుదా ఈయనను ఒక పట్టుతో విసిరివేశాడు. కానో లేచి, ఆ పట్టు ఎలా వేయాలో, చేయి ఎక్కడ ఉంచాలో, కాలు ఎలా కదపాలో చెప్పమని అడిగాడు. గురువు సమాధానం చెప్పకుండా దగ్గరకు పిలిచి మరల విసిరివేశాడు. కానో లేచి మరల అడిగాడు. మరల అదే జరిగింది. మూడవసారి పడిన తరువాత, వివరాలు అడిగి ప్రయోజనం లేదనీ, చాలాసార్లు చేస్తే అదే వస్తుందనీ గురువు తేల్చివేశాడు.

పడడం ద్వారా నేర్చుకునే ఈ పద్ధతి కానోకు కొంత నచ్చింది, కొంత నచ్చలేదు. శరీరానికి తెలియాల్సినది శరీరమే నేర్చుకోవాలనే మాటను ఆయన కాదనలేదు. కానీ ఒక పట్టు ఎందుకు పనిచేస్తుందో, ఎందుకు విఫలమవుతుందో గురువు కూడా చెప్పలేని స్థితి ఆయనను వేధించింది. విశ్వవిద్యాలయంలో రాజనీతి, అర్థశాస్త్రం, తత్వశాస్త్రం చదువుతున్న విద్యార్థికి ఇది సహజమే.

ఆ రోజుల్లో తోటి శిష్యులలో ఫుకుషిమా అనే భారీకాయుడు ఒకడు ఉండేవాడు. అతనిని పడగొట్టడం కానో వల్ల కాలేదు. సుమో మల్లుల పట్లు ప్రయత్నించి చూశాడు, ఫలించలేదు. అప్పుడు గ్రంథాలయానికి వెళ్ళి పాశ్చాత్య మల్లయుద్ధం గురించిన పుస్తకాలు తిరగవేసి, ప్రత్యర్థిని భుజాల మీదకు ఎత్తుకొని పడవేసే పట్టును సాధన చేసి అతనిని ఓడించాడు. జూడోలో కతా-గురుమా అనే పట్టుకు మూలం ఇదే. పుస్తకం చదివి కుస్తీ గెలిచినవాడు అరుదు.

1879 ఆగస్టులో అమెరికా మాజీ అధ్యక్షుడు యులిసెస్ గ్రాంట్ టోక్యో వచ్చినప్పుడు, పారిశ్రామికవేత్త షిబుసావా ఎయిచి గృహంలో జుజుత్సు ప్రదర్శన ఏర్పాటు చేశారు. అందులో ఫుకుదాతో పాటు కానో కూడా పాల్గొన్నాడు. కొద్ది రోజులకే ఫుకుదా మరణించాడు. కానో అదే శాఖకు చెందిన ఇసో మసాతోమో వద్ద సాధన కొనసాగించాడు. 1881లో ఇసో కూడా కన్నుమూశాడు. మరల గురువు లేనివాడైన కానో ఈసారి ఈకుబో త్సునెతోషి అనే ఆయనను ఆశ్రయించాడు.

ఈకుబోది కితో-ర్యూ అనే వేరే సంప్రదాయం. కితో అనే పేరుకు లేవడం, పడడం అని అర్థం. తెన్‌జిన్ శాఖలో గొంతు నులమడం, కీళ్ళు విరవడం, నేలకు అదిమిపట్టడం ప్రధానం కాగా, కితో శాఖలో విసిరివేయడమే ప్రధానం. కవచం ధరించిన యోధులు పోరాడే కాలంలో పుట్టిన విద్య అది. బరువైన కవచం తొడుక్కున్నవానిని గుద్ది లాభం లేదు. అతని బరువుతోనే అతనిని కూలదోయాలి. అందుకు అవసరమైతే విసిరేవాడు తాను కూడా నేలపై పడిపోవడానికి వెనుకాడడు. ఈ ఆలోచనయే తరువాత జూడోలో సుతెమి పట్లుగా స్థిరపడింది.

కొడోకాన్ స్థాపన

1882లో కానో గకుషుయిన్ అనే ప్రభువంశీయుల పాఠశాలలో అధ్యాపకుడుగా చేరాడు. అదే సంవత్సరం మే నెలలో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పట్టే గదిలో స్వంత శిక్షణాలయం ప్రారంభించాడు. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరాలు. శిష్యులు తొమ్మిది మంది. దానికి కొడోకాన్ అని పేరు పెట్టాడు. మార్గాన్ని అధ్యయనం చేసే భవనం అని దీని భావం. తొలి శిష్యుడు తొమితా త్సునెజిరో. ఈకుబో కూడా వారానికి రెండు మూడు సార్లు వచ్చి నేర్పేవాడు.

ఆలయంలో సాధన ప్రధాన పూజారికి పెద్ద తలనొప్పి అయింది. శిష్యులు పడిన ప్రతిసారీ గోడలు అదిరి, చనిపోయినవారి పేర్లు రాసిన స్మారక ఫలకాలు పీఠం మీది నుండి క్రింద పడేవి. నేల క్రింది దూలాలు విరిగితే రాత్రివేళ కానో స్వయంగా దీపం పట్టుకొని నేల క్రింద దూరి మరమ్మతు చేసేవాడని చెబుతారు. మరుసటి సంవత్సరమే శిక్షణాలయం వేరే చోటికి మారవలసి వచ్చింది.

తాను నేర్పేదానికి జుజుత్సు అనక జూడో అని పేరు పెట్టాడు. జు అనగా మెత్తదనం, లొంగి ఉండడం. జుత్సు అనగా నేర్పు, దో అనగా మార్గం. జూడో అనే పదాన్ని అంతకుముందే ఒకటి రెండు పాత శాఖలు వాడాయి, కాబట్టి పదం కానో సృష్టి కాదు. కొట్లాటలకు పనికివచ్చే నేర్పు అనే చెడ్డపేరు నుండి విద్యను తప్పించి, చదువుకునే పిల్లలకు తగినదిగా చేయాలనేది ఆయన ఉద్దేశం. ప్రాణాపాయం కలిగించే దెబ్బలను, ప్రమాదకరమైన పట్లను సాధారణ సాధన నుండి తొలగించి, క్షేమంగా పడడం ఎలాగో ముందుగా నేర్పాడు. దీనిని ఉకెమి అంటారు. గడ్డం ఛాతీకి ఆనించి తల నేలకు తగలకుండా చూసుకోవడం, పడే క్షణంలో అరచేతితో, ముంజేతితో చాపను చరచి అదటును పంచివేయడం ఇందులో ముఖ్యం. జూడోలో పట్టు నేర్చుకోవడానికి ముందు పడడం నేర్చుకోవాలి. ఈ వరుస ఎక్కడా మారలేదు.

సమతౌల్యం చెదరగొట్టడం

ఈకుబో యాభై ఏళ్ళు దాటినవాడైనా విసరడంలో సాటిలేనివాడు. కానో ఎంత ప్రయత్నించినా ఆయన చేతిలో పడుతూనే ఉండేవాడు. 1885 ప్రాంతంలో ఒకరోజు సాధనలో పరిస్థితి తారుమారైంది. కానో వేసిన పట్లు వరుసగా ఫలించాయి, గురువు వేసినవి ఒక్కటీ ఫలించలేదు. ఆశ్చర్యపోయిన ఈకుబోకు కానో తాను కనిపెట్టినది వివరించాడు. మనిషి నిటారుగా, స్థిరంగా ఉన్నప్పుడు ఎంత బలంతో లాగినా పడడు. ముందుగా అతనిని ఏదో ఒక దిక్కుకు ఒరిగేటట్లు చేసి, అలా ఒరిగిన క్షణంలోనే పట్టు వేయాలి. తోస్తే మనిషి తిరిగి తోస్తాడు, లాగితే వెనుకకు గుంజుకుంటాడు. ఆ ప్రతిస్పందననే వాడుకోవాలి. ఈ చెదరగొట్టడానికి కుజుషి అని పేరు. అది విన్న ఈకుబో ఇక తాను నేర్పవలసినది ఏమీ లేదని ఒప్పుకొని, ఆ తరువాత కానోతో పోటీ సాధన చేయడం మానివేశాడు. శాఖకు చెందిన గ్రంథాలను కూడా ఆయనకు అప్పగించాడు. శిష్యుని చేతిలో పడి సంతోషించిన గురువులు మన పురాణాలలో ఉన్నారు గానీ, నిజజీవితంలో అరుదు.

కుజుషి లేనిదే సుతెమి పట్లు అసలు లేవు. అందువల్ల వాటిని గురించి కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం.

సుతెమి పట్లు

సుతెమి అనే జపాను పదానికి దేహాన్ని వదలివేయడం, దేహత్యాగం అని అర్థం. జూడోలో విసిరివేసే పట్లు రెండు రకాలు. మొదటి రకంలో విసిరేవాడు నిలబడి ఉంటాడు. రెండవ రకంలో తన కాళ్ళమీద నిలబడడాన్ని తానే వదులుకొని, పడుతూ, ఆ పడే బరువుతోనే ఎదుటివానిని విసురుతాడు. వెల్లకిలా పడుతూ వేసేవి మ-సుతెమి, ప్రక్కకు పడుతూ వేసేవి యొకో-సుతెమి.

మన కుస్తీ తెలిసినవారికి ఇది వింతగా కనిపిస్తుంది. కానోకు సమకాలికుడైన కోడి రామమూర్తినాయుడు వంటి మల్లులు దిగిన గోదాలలో గానీ, హైదరాబాదు పాతబస్తీ తాలీంఖానాలలో గానీ వీపు నేలకు తగలడమంటే ఓడిపోవడమే. రెండు భుజాలు మట్టికి అంటితే ఆట ముగిసినట్లే. అటువంటప్పుడు తనంత తానుగా వీపు నేలకు ఆన్చే మల్లుడు ఎక్కడ ఉంటాడు? జూడో నియమం వేరు. ఎదుటివానిని వేగంతో, బలంతో, అదుపు తప్పకుండా వీపు మీద పడవేసినవానికి విజయం. తన ఇష్టప్రకారం పట్టులో భాగంగా పడినది ఓటమి క్రింద లెక్కకు రాదు.

వీటిలో బాగా పేరున్నది తొమోయె-నగె. నేటి సినిమా పోరాటాలలో కూడా తరచు కనిపిస్తుంది. ఎదుటివాని రెండు చేతుల బట్టను పట్టుకొని వెనుకకు తోస్తారు. అతడు ఎదురు తోస్తూ ముందుకు వస్తాడు. అప్పుడు విసిరేవాడు అతని రెండు కాళ్ళ మధ్యకు జరిగి, తన తుంటి భాగాన్ని మడమకు దగ్గరగా నేలకు దించుతూ, ఒక అరికాలును అతని పొత్తికడుపుపై ఆనించి వెల్లకిలా పడతాడు. చేతులు తన తల వైపుకు లాగుతాయి, కాలు పైకి ఎత్తుతుంది. ఎదుటివాడు చక్రంలా గిరగిర తిరిగి తల అవతల పడతాడు. నేర్చుకునేవారు సాధారణంగా చేసే పొరపాట్లు రెండు. ఒకటి, దూరంగా కూర్చుండిపోవడం. అప్పుడు కాలు తోపుగా మారి ఎదుటివాడు వెనుకకు పోతాడే తప్ప పైకి లేవడు. రెండవది, అతడు ముందుకు ఒరగకముందే పడిపోవడం. ఈ రెండవ పొరపాటుకు శిక్ష వెంటనే పడుతుంది. వెల్లకిలా ఉన్నవాని మీద నిలబడి ఉన్న ప్రత్యర్థి వచ్చి పడి అదిమిపడతాడు. నిలబడి వేసే పట్టు విఫలమైతే మరొకటి ప్రయత్నించవచ్చు. సుతెమి పట్టు విఫలమైతే తిరిగి లేవడానికి కూడా అవకాశం దొరకదు.

ఈ సంగతి కానో తొలి శిష్యునికే అనుభవమైంది. 1905 ఫిబ్రవరిలో తొమితా, మిత్సుయో మయెదాతో కలిసి అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో జూడో ప్రదర్శన ఇచ్చాడు. ప్రదర్శన తరువాత అక్కడి విద్యార్థులు పోటీకి దిగమన్నారు. తొమితా ఒకనిని సులభంగానే విసిరివేశాడు. తరువాత వచ్చినవాడు ఫుట్‌బాల్ ఆటగాడు, భారీ మనిషి. తొమితా అతనిపై తొమోయె-నగె రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ విఫలమయ్యాడు. తొమితాకు అప్పుడు జలుబు చేసి ఉందని సమర్థించుకోవలసి వచ్చింది. కొడోకాన్ మొదటి శిష్యుడు, అప్పటికి ఇరవై ఏళ్ళకు పైగా సాధన చేసినవాడు, నలభయ్యవ పడికి చేరువైనవాడు. చెదరని మనిషి ముందు దేహత్యాగం చేస్తే ఎవరికైనా ఫలితం ఇంతే. జలుబు సంగతి ఎంత నిజమో గానీ, కానో చెప్పిన కుజుషి సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ పర్యటనలో ఉన్న మయెదా తరువాత బ్రెజిల్ దేశంలో స్థిరపడ్డాడు. అక్కడి జియు-జిత్సు విద్యకు ఆయన బోధనయే ఆధారం.

కానో ఈ పట్లను ఎక్కడ ఉంచాడనేది గమనించదగినది. కొడోకాన్‌లో 1895లో నిర్ణయించి 1920లో సవరించిన గొక్యో అనే పాఠ్యక్రమంలో నలభై విసురు పట్లు ఉన్నాయి. వాటిని ఎనిమిదేసి చొప్పున ఐదు తరగతులుగా విభజించారు. మొదటి రెండు తరగతులలోని పదహారు పట్లలో సుతెమి ఒక్కటి కూడా లేదు. మూడవ తరగతిలో తొమోయె-నగె, యొకో-ఒతోషి మొదటిసారి కనిపిస్తాయి. ఉరా-నగె, యొకో-గకె వంటివి చివరి తరగతిలో వస్తాయి. ఈ అమరికలో ఉపాధ్యాయుని చేయి కనిపిస్తుంది. విసిరేవానికి కష్టమైనందువల్ల మాత్రమే ఇవి ఆలస్యంగా రావు, పడేవానికి కష్టమైనందువల్ల కూడా. ప్రక్కకు పడే పట్లలో ఎదుటివానికి చేయి చరిచే వ్యవధి తక్కువ. ఉరా-నగెలో మనిషి వెనుకకు, భుజం మీదుగా పడతాడు. పడడం బాగా వచ్చిన జోడీ లేకుండా ఈ పట్లను ఎవరూ నేర్చుకోలేరు, నేర్చుకోకూడదు.

నేర్చుకునేవారు మొదట ఒంటరిగా గొంతుకు కూర్చుని వెనుకకు దొర్లడం సాధన చేస్తారు. తరువాత జోడీని పట్టుకొని, అతడు ముందుకు అడుగు వేసే క్షణానికి తన దొర్లుడును జతపరుస్తారు. అవతలివాడు భుజం మీదుగా దొర్లి పడడం ముందే నేర్చి ఉంటాడు. విసిరేవాడు చేతిలోని బట్టను చివరి వరకు వదలకూడదు, ఎందుకంటే ఆ పట్టే అవతలివాని తలను నేలకు కొట్టుకోకుండా కాపాడుతుంది.

కానో ఈ సూత్రాలను నగె-నో-కతా అనే పద్ధతిలో భద్రపరచాడు. 1880లలో రూపొందిన ఈ పద్ధతికి 1906లో క్యోటోలో కానో అధ్యక్షతన సమావేశమైన సంఘం తుదిరూపం ఇచ్చింది. ఇందులో చేతులతో, నడుముతో, కాళ్ళతో, వెల్లకిలా, ప్రక్కకు అనే ఐదు వర్గాలు, వర్గానికి మూడు చొప్పున పదిహేను పట్లు ఉన్నాయి. అంటే ఆరు సుతెమి పట్లే. తొమోయె-నగె, ఉరా-నగె, సుమి-గయెషి వెల్లకిలా పడేవి. యొకో-గకె, యొకో-గురుమా, ఉకి-వజా ప్రక్కకు పడేవి. వీటిలో యొకో-గురుమా తమాషాగా ఉంటుంది. మొదట ఉరా-నగె వేయబోతారు. దానిని గ్రహించిన ప్రత్యర్థి ముందుకు వంగి అడ్డుకుంటాడు. అలా వంగడమే అతని కొంప ముంచుతుంది. విసిరేవాడు అతని కాళ్ళ మధ్యకు జారి ప్రక్కకు పడుతూ అతనిని తిప్పివేస్తాడు. కితో శాఖలోని పాత పద్ధతిని కూడా కానో మార్చక కొషికి-నో-కతా అనే పేరుతో నిలిపాడు. అందులోని ఇరవై ఒక్క పట్లను నేటికీ కవచం ధరించినట్లు ఊహించుకొని, గంభీరంగా ప్రదర్శిస్తారు. ఈకుబో పేరు మరచిపోయినవారు కూడా అది చూస్తే ఆయన విద్యను చూసినట్లే.

అన్ని సుతెమి పట్లకూ ఆదరణ దక్కలేదు. కాళ్ళను కత్తెరలా వేసి ప్రక్కకు పడే కని-బసామి అనే పట్టు వల్ల 1980లో జపాను యోధుడు యసుహిరో యమషితా కాలు విరిగింది. తరువాత పోటీలలో దానిని నిషేధించారు. యమషితా కోలుకొని 1984 ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం పొందాడు.

కానోకు స్వయంగా ఇష్టమైన పట్టు ఉకి-గొషి అనే నడుము పట్టు. చురుకైన శిష్యుడు సైగో షిరో దాని మీదుగా దూకి తప్పించుకోసాగాడు. అప్పుడు కానో కాలితో ఊడ్చి అడ్డుకునే హరాయి-గొషి పట్టును రూపొందించాడు. ఈ సైగో జీవితం ఆధారంగానే తొమితా కుమారుడు సుగాతా సన్షిరో అనే నవల రాశాడు. 1943లో అకిరా కురొసావా దర్శకత్వం వహించిన మొదటి చిత్రానికి ఆ నవలే కథ.

విద్యారంగంలో కృషి

1889లో కానో విద్యావిధానాల పరిశీలనకు యూరోపు వెళ్ళాడు. 1891లో తిరుగు ప్రయాణంలో ఓడపై ఒక బలిష్ఠుడైన విదేశీయునితో బలపరీక్ష జరిగింది. కానో అతనిని విసిరివేస్తూ, తల ఓడ నేలకు తగలకుండా తన చేతితో ఆపాడు. విసరడం కంటే ఆ చేయి అడ్డం పెట్టడమే ప్రయాణికులను ఎక్కువ ఆకర్షించిందట. అదే సంవత్సరం సుమాకోతో వివాహం జరిగింది, కుమామోతోలోని ఉన్నత పాఠశాలకు అధిపతిగా నియామకం కూడా జరిగింది. ప్రసిద్ధ రచయిత లాఫ్కాడియో హెర్న్ అదే పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. జుజుత్సు గురించి ఆయన రాసిన వ్యాసం పాశ్చాత్యులకు ఈ విద్యను పరిచయం చేసిన తొలి రచనలలో ఒకటి.

1893 నుండి 1920 వరకు, మధ్యలో కొద్ది విరామాలతో, కానో టోక్యో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధిపతిగా ఉన్నాడు. చైనా నుండి వచ్చే విద్యార్థుల కోసం కోబున్ గకుయిన్ అనే పాఠశాల నడిపాడు. ఆధునిక చైనా సాహిత్యంలో అగ్రగణ్యుడైన లు షున్ 1902 నుండి 1904 వరకు అక్కడే చదువుకున్నాడు. దేశమంతటా ఉపాధ్యాయులుగా వెళ్ళిన కానో శిష్యులే జూడోను పాఠశాలలకు తీసుకువెళ్ళారు. 1922లో ఆయన తన బోధనను రెండు సూత్రాలుగా ప్రకటించాడు. శక్తిని వృథా కాకుండా ఉత్తమంగా వినియోగించడం ఒకటి, తాను, ఇతరులు కలిసి వృద్ధి పొందడం రెండవది.

భారతదేశంతో సంబంధం

రవీంద్రనాథ్ ఠాగూరుకు జపాను విద్యలపై ఆసక్తి ఉండేది. 1905లోనే జిన్నొసుకె సానో అనే జపాను ఉపాధ్యాయుడు శాంతినికేతనంలో ఈ విద్య నేర్పాడు. తరువాత ఠాగూరు కోరికపై కొడోకాన్‌కు చెందిన షింజో తకగాకి 1929లో అక్కడికి వచ్చాడు. బాలురతో పాటు బాలికలు కూడా నేర్చుకున్నారు. నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త అమర్త్య సేన్ తల్లి అమితా సేన్ వారిలో ఒకరు. మనదేశంలో ఆడపిల్లలు ఇంటి గడప దాటడమే విశేషమైన కాలంలో ఇది జరిగింది.

ఒలింపిక్ ఉద్యమము, మరణము

1909లో కానో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘ సభ్యుడయ్యాడు. 1912 స్టాక్‌హోమ్ క్రీడలకు జపాను మొదటిసారి ఇద్దరు క్రీడాకారులను పంపినప్పుడు వారితో పాటు వెళ్ళాడు. 1940 క్రీడలను టోక్యోకు రప్పించడానికి ఆయన చేసిన కృషి 1936లో ఫలించింది. కానీ మరుసటి సంవత్సరం జపాను చైనాపై యుద్ధానికి దిగడంతో ప్రపంచదేశాలు వ్యతిరేకించాయి. 1938 మార్చిలో కైరో సమావేశంలో 77 ఏళ్ళ కానో తన దేశం తరపున వాదించి క్రీడలను నిలబెట్టుకున్నాడు. చైనా విద్యార్థులకు పాఠశాల నడిపిన వ్యక్తికి ఆ వాదన ఎంత కష్టమై ఉంటుందో ఊహించవచ్చు. తిరుగు ప్రయాణంలో హికావా మరు అనే ఓడపై న్యుమోనియాతో మే 4న మరణించాడు. ఓడ యొకొహామా చేరడానికి ఇంక రెండు రోజులే ఉంది. అదే సంవత్సరం జూలైలో జపాను ఆ క్రీడలను వదులుకుంది. హికావా మరు ఓడను నేటికీ యొకొహామా రేవులో ప్రదర్శనశాలగా చూడవచ్చు.

1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగినప్పుడు జూడోకు మొదటిసారి స్థానం లభించింది. మహిళల జూడోకు పతకాలు 1992లో బార్సిలోనాలో మొదలయ్యాయి.

పన్నెండు చాపలతో మొదలైన కొడోకాన్ 1934 నాటికి ఐదు వందలకు పైగా చాపలు పట్టే భవనానికి చేరింది. మహిళా విభాగం 1926లో ఏర్పడింది. తొలి గురువు ఫుకుదా మనుమరాలు కెయికోను కానో స్వయంగా ఆహ్వానించగా ఆమె 1935లో అందులో చేరింది. తాత కానోకు పట్టు వివరించకుండా మరల మరల విసిరివేశాడు. మనుమరాలు అమెరికాలో స్థిరపడి దశాబ్దాల పాటు ఆ పట్ల వివరాలు శిష్యులకు నేర్పింది. 2006లో కొడోకాన్ ఆమెకు తొమ్మిదవ శ్రేణి ఇచ్చింది. ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమెయే. 2013లో, 99 ఏళ్ళ వయస్సులో, శాన్ ఫ్రాన్సిస్కోలో మరణించింది.